స్ట్రింగ్స్ ఎంత చేసినా కీబోర్డ్ లాగే వినిపిస్తున్నాయి, పెద్ద లైబ్రరీ కొంటే సెట్ అవుతుందా?

కేపీహెచ్‌బీ_కీస్

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఊరికే చదువుకుంటూ పోయేవాడిని, ఈసారి అడక్క తప్పట్లేదు. పగలు ఐటీ ఉద్యోగం, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మ్యూజిక్. ఎక్కువగా షార్ట్ ఫిల్మ్స్‌కి బీజీఎం, మధ్యమధ్యలో యూట్యూబ్ ఫోక్ సాంగ్స్‌కి ప్రోగ్రామింగ్, డిసెంబర్ వస్తే చర్చి పాటలు. రిథమ్ వరకు నాకు ఏ బాధా లేదు, డప్పు గానీ ఢోలక్ గానీ బాగానే కూర్చుంటాయి, కానీ స్ట్రింగ్స్ పెట్టగానే పాట మొత్తం పెళ్లిలో ఆర్కెస్ట్రా వాళ్లు కీబోర్డ్ వాయించినట్టు అయిపోతోంది. మొన్న డైరెక్టర్ (ఫ్రెండే) విని "ఇది డమ్మీ కదా, ఒరిజినల్ స్ట్రింగ్స్ ఎప్పుడు పెడతావ్" అన్నాడు. అదే ఒరిజినల్ రా బాబూ అని చెప్పలేక నవ్వి ఊరుకున్నా.

నా సెటప్: ఎఫ్ఎల్ స్టూడియో (మ్యూజిక్ చేసే సాఫ్ట్‌వేర్), ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, శాంపిల్స్ (వాయిద్యాలని నోట్ నోట్‌కీ రికార్డ్ చేసిన సౌండ్స్) అన్నీ బయట తగిలించుకునే పాత హార్డ్ డిస్క్‌లో, మాడ్ వీల్ (పక్కన వేలితో తిప్పే చక్రం) ఉన్న 49 కీస్ మిడి కీబోర్డ్. లైబ్రరీ, అంటే ఆ శాంపిల్స్ సెట్, నా దగ్గరున్నది స్పిట్‌ఫైర్ వాళ్ల బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్, అదే ఫ్రీగా ఇచ్చేది, ఇంకా ల్యాబ్స్‌లో కొన్ని సౌండ్స్. ఒక ఫ్రెండ్ కాంటాక్ట్ (శాంపిల్స్ మోగించే సాఫ్ట్‌వేర్) లైబ్రరీ ఇంకోటి ఇచ్చాడు గానీ అది ఫ్రీ కాంటాక్ట్ ప్లేయర్‌లో వేస్తే 15 నిమిషాలకి సౌండ్ ఆగిపోతోంది, ఆగేలోపు కూడా టపటప క్రాకిల్స్.

నా బాధలు చెప్తా. లాంగ్ నోట్స్ పెడితే ప్యాడ్ లాగా చచ్చుగా ఉంటాయి, ఫాస్ట్ బిట్ పెడితే బీట్ వెనక పడిపోతాయి, క్వాంటైజ్ చేసినా (నోట్స్‌ని బీట్ గీతల మీద సరిగ్గా కూర్చోబెట్టినా) అంతే. ఇంకా ఫోక్ ట్యూన్‌లో సింగర్ జారుడు పాడిన చోట స్ట్రింగ్స్ అదే లైన్ వాయిస్తే శృతి తప్పినట్టు వినిపిస్తోంది. 25 వేల లోపు అయితే బ్లాక్ ఫ్రైడే సేల్‌లో ఏదైనా కొందామని ఉంది. ఏది కొనాలి? లేక కొనడం దండగా? తిట్టినా పర్లేదు, తెలుగులో తిట్టండి.

బాస్_బాబు

బ్రో కొనడం ఎందుకు, కాంటాక్ట్ ఫుల్ వెర్షన్, హాలీవుడ్ స్ట్రింగ్స్, అన్నీ నా దగ్గర 4 టీబీ డిస్క్‌లో పడున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ వస్తే కాపీ చేసుకుపో.

ఉప్పల్_808

ఏయ్ బాబూ, హాలీవుడ్ స్ట్రింగ్స్ ఈస్ట్‌వెస్ట్ వాళ్లది, దానికి వాళ్ల సొంత ప్లేయరే ఉంటది, కాంటాక్ట్‌ల అది ఓపెనే గాదు. నువ్వు ఎన్నడన్న తెరిచి చూసినవా లేక డిస్క్ నింపుకొని కూసున్నవా? గీ క్రాక్ ముచ్చట ఇక్కడ వద్దు. పాటని ఏదన్న కంపెనీకి ఇచ్చేటప్పుడు నీ సౌండ్స్‌కి లైసెన్స్ ఉన్నదా అని సంతకం అడుగుతరు, అప్పుడు ఏం జెప్తవ్.

కీస్ భై, నీ హార్డ్‌వేర్ సంగతి రాత్రికి రాస్త, ఇప్పుడు మీటింగ్‌ల ఉన్న.

స్టాఫ్_నోటేషన్

తమ్ముడూ, కొనడం సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఒక పని చెయ్. స్ట్రింగ్స్ ట్రాక్ సోలో పెట్టి ఒకే నోట్ నొక్కి పట్టుకుని, మాడ్ వీల్‌ని అడుగు నుంచి పై దాకా చాలా మెల్లగా తిప్పు, మళ్లీ మెల్లగా దించు. ఏం వినిపించింది? పైకి పోయేకొద్దీ సౌండ్ పెరగడమే కాదు, టోన్ మారుతుంది, విల్లు తీగని గట్టిగా కరుచుకున్న సౌండ్ వస్తుంది. ఎందుకంటే వాళ్లు స్టూడియోలో అదే నోట్‌ని మెల్లగా వాయించి ఒకసారి, గట్టిగా వాయించి ఒకసారి రికార్డ్ చేస్తారు, వీల్ తిప్పినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి క్రాస్‌ఫేడ్ అవుతుంది. మాడ్ వీల్ పంపే కంట్రోల్ నంబర్ సీసీ1, దాని విలువ 0 నుంచి 127. సీసీ11 అంటే ఎక్స్‌ప్రెషన్, అది వట్టి వాల్యూమ్, టోన్ మారదు. సీసీ7 ఛానెల్ ఫేడర్, దాన్ని మిక్సింగ్ దాకా ముట్టుకోవద్దు.

నీ లాంగ్ నోట్స్ చచ్చుగా ఉండటానికి నూటికి తొంభై పాళ్లు కారణం ఇదే, సీసీ1 ఒకే చోట గీత గీసినట్టు నిలబడి ఉంటుంది. నిజం వయొలిన్ వాయించేవాడు రెండు బార్లు ఒకే నోట్ పట్టుకున్నా ఆ చెయ్యి ఒకేలా ఉండదు, ఎత్తుకుంటాడు, మధ్యలో ఉబ్బుతుంది, చివర్లో వదుల్తాడు. లాంగ్స్‌లో కీ ఎంత గట్టిగా కొట్టినా పెద్దగా తేడా రాదు, అది పియానో అలవాటు, మానుకో. స్పికాటో (విల్లు ఎగరేస్తూ వాయించే పొట్టి నోట్స్) లాంటి షార్ట్స్‌లో మాత్రం వెలాసిటీనే (కీ కొట్టే బలం) అన్నీ, అక్కడ అన్ని నోట్స్ 100 దగ్గర వరసగా పెడితే మిషన్ లాగా ఉంటుంది, ఒకటి 70, ఒకటి 95, తాళం పడే చోట 110, అట్లా మార్చు. ఎడమ చెయ్యి వీల్ మీద పెట్టుకుని లైవ్‌గా రికార్డ్ చెయ్, మౌస్‌తో గీసింది ఎప్పుడూ మౌస్‌తో గీసినట్టే ఉంటుంది. మరీ గీయాల్సి వస్తే ఎఫ్ఎల్‌లో ప్లగిన్ మెనూలో బ్రౌజ్ పారామీటర్స్ కొట్టు, కింద మిడి సీసీల వరస వస్తుంది, 1 మీద రైట్ క్లిక్ చేసి ఆటోమేషన్ క్లిప్ పెట్టుకో.

ఇక బీట్ వెనక పడటం. క్వాంటైజ్ చేసినా వెనకే ఉంది అన్నావు కదా, క్వాంటైజ్ చేయబట్టే వెనక ఉంది! శాంపిల్ మొదట్లో విల్లు తీగ మీద పడి సౌండ్ నిండుకునేదాకా కొంత టైమ్ ఉంటుంది, దాన్ని కోసేస్తే ప్రాణం పోతుంది కాబట్టి తయారుచేసినవాళ్లు అలాగే ఉంచుతారు. ఖరీదైన లైబ్రరీల్లో ఇది ఇంకా ఎక్కువ. సినిమాటిక్ స్టూడియో స్ట్రింగ్స్ అని చాలామంది మెచ్చుకునే లైబ్రరీ ఉంది, అందులో లెగాటో (నోట్ నుంచి నోట్‌కి తెగకుండా జారడం) ఆలస్యం మూడు రకాలు, నువ్వు ఎంత గట్టిగా కొట్టావన్న దాన్ని బట్టి 333 మిల్లీసెకన్లు, 250, 100. టెంపో 120 అయితే ఒక బీట్ అంటే 500 మిల్లీసెకన్లు, అంటే ఆ 250 అరబీటు! అంత ఆలస్యాన్ని గ్రిడ్ మీద కరెక్ట్‌గా పెడితే ఎప్పటికి అందుకుంటుంది? నోట్స్‌ని ముందుకు జరపాలి. ఎఫ్ఎల్‌లో ఆల్ట్ పట్టుకుని లాగితే స్నాప్ అడ్డురాదు, లాంగ్స్ అన్నీ సెలెక్ట్ చేసి ఎడమకి జరుపుకుంటూ డ్రమ్స్‌తో కలిపి విను, చెవికి కూర్చున్న చోట ఆపు. షార్ట్స్‌కి ఇంత అక్కర్లేదు, కొంచెం చాలు. అందుకే లాంగ్స్, షార్ట్స్ ఒకే ట్రాక్‌లో పెట్టొద్దు, వేరే వేరే ట్రాక్స్ పెట్టుకుంటే దేనికి ఎంత జరపాలో దానికి అంత జరపొచ్చు.

మూడోది, అసలైంది. రెండు చేతులతో కార్డ్ పట్టుకుని మొత్తం ఎన్‌సెంబుల్ ప్యాచ్ (స్ట్రింగ్స్ అన్నీ కలిపిన ఒకే సౌండ్) మీద వాయిస్తున్నావు, అవునా? ఆ కీబోర్డ్ సౌండ్ అక్కణ్ణుంచి వస్తోంది, లైబ్రరీ నుంచి కాదు. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లే 16 మంది ఉంటారు. ఆ ఒక్క ప్యాచ్ మీద మూడు నోట్ల కార్డ్ కొడితే 48 మంది వాయించినట్టు లెక్క, అంతమంది మైక్ ముందు కూర్చోరు కదా. సెక్షన్‌కి ఒక్క నోట్ ఇవ్వు. డి మైనర్ అనుకో, బాస్‌కి డి, సెల్లోకి దాని మీది ఆక్టేవ్ డి, వయోలాకి ఎఫ్, రెండో వయొలిన్లకి ఏ, మొదటి వయొలిన్లకి పైన డి. తర్వాత బీ ఫ్లాట్ మేజర్‌కి పోవాలంటే డి, ఎఫ్ కదలనక్కర్లేదు, ఏ ఒక్కటే బీ ఫ్లాట్‌కి జరుగుతుంది, బాస్, సెల్లో బీ ఫ్లాట్‌కి దిగుతాయి. కీబోర్డ్ మీద చెయ్యి మొత్తం ఎత్తి ఇంకోచోట పెడతావు, ఆర్కెస్ట్రాలో ఎవరి దారి వాళ్లది, దగ్గర నోట్‌కే పోతారు. ఈ ఒక్క తేడా వినిపిస్తే డైరెక్టర్ మళ్లీ డమ్మీ అనడు. కింద మాత్రం కార్డ్ దగ్గర దగ్గరగా పెట్టకు, బాస్‌లో మూడు నోట్లు కుక్కితే బురద అవుతుంది, కింద ఆక్టేవ్ గ్యాప్, పైకి పోయేకొద్దీ దగ్గర.

ఇంకో మాట, ఇది విదేశీ ట్యుటోరియల్స్‌లో దొరకదు. మన సినిమా పాటల చెవి యూనిసన్‌కి అలవాటుపడిన చెవి. పాత పాటల ఇంటర్‌లూడ్స్ గుర్తు తెచ్చుకో, వయొలిన్లన్నీ ఒకే లైన్, పరుగులాంటి లైన్, కింద ఆక్టేవ్‌లో ఇంకొందరు అదే. కార్డ్ కన్నా ఆ లైనే మనకి స్ట్రింగ్స్. బయటి లైబ్రరీలు చాలావరకు హాలీవుడ్ బీజీఎం కోసం చేసినవి, మెల్లగా సాగే లెగాటోలు అద్భుతంగా ఉంటాయి, మన గబగబా పరుగుకి మాత్రం తేలిపోతాయి. అందుకని పరుగు లైన్లకి స్పికాటో కింద పరిచి దాని మీద లాంగ్ లేయర్ సన్నగా కలుపు, నోట్ మొదలు స్పికాటో ఇస్తుంది, ఒళ్లు లాంగ్ ఇస్తుంది. మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు వేరేగా రికార్డ్ చేసిన లైబ్రరీ అయితే యూనిసన్ నిండుగా వస్తుంది, డిస్కవర్‌లో ఆ రెండూ వేరేగానే ఉన్నాయి, వాడుకో. ఒకే సెక్షన్‌ని రెండుసార్లు పెట్టి లావు చేద్దామంటే మాత్రం శాంపిల్స్ అవే కాబట్టి ఫేజింగ్ (సౌండ్ ఒకదానికొకటి తగిలి బోలుగా అవడం) వస్తుంది. రెండో ట్రాక్‌ని రెండు సెమీటోన్లు (కీబోర్డ్ మీద రెండు మెట్లు) పైకి రాసి, పిచ్ రెండు సెమీటోన్లు కిందికి దించు, అప్పుడు మామూలుగా పక్క నోట్ శాంపిల్ మోగుతుంది, వేరే మనిషి వాయించినట్టే ఉంటుంది.

ఫ్లూట్లు, హార్న్‌లు పెట్టినప్పుడు ఊపిరి సంగతి మర్చిపోవద్దు. ఎనిమిది బార్లు ఆపకుండా ఊదే మనిషి లేడు. వెతికితే పాత పాశ్చాత్య స్కోర్లు ఐఎంఎస్‌ఎల్‌పీ సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, కాపీరైట్ అయిపోయినవి. నాలుగు బార్లు తీసుకుని నీ డిస్కవర్‌లో అచ్చంగా టైప్ చేసి చూడు. ఫ్రీ లైబ్రరీ అంత బాగా వినిపిస్తుందా అని నువ్వే ఆశ్చర్యపోతావు.

ఉప్పల్_808

అన్న రాసింది చదివినంక నేను హార్మనీ గురించి నోరు మూసుకుంట. నా సబ్జెక్ట్ డబ్బా, అంటే కంప్యూటర్.

కీస్ భై, ఆ 15 నిమిషాల ముచ్చట సింపుల్. కాంటాక్ట్ ప్లేయర్ ఫ్రీ, కానీ అందుల పూర్తిగ పనిచేసేటియి ప్లేయర్ కోసం లైసెన్స్ తీసుకున్న లైబ్రరీలే. మిగిలినయి డెమో మోడ్‌ల తెరుస్తది, 15 నిమిషాలకి బంద్. ఏదన్న కొనే ముందు ఆ పేజీల "ఫుల్ కాంటాక్ట్ కావాలి" అని రాసి ఉన్నదా లేదా అని సూస్కో. చవకగ దొరికిందని లైబ్రరీ కొంటరు, తర్వాత దాన్ని తెరవనీకి అంతకన్న ఎక్కువ పెట్టి కాంటాక్ట్ కొనవలసి వస్తది. ఇంకోటి, లైబ్రరీ అంటే వస్తువు కాదు, నీ పేరు మీద లైసెన్స్, చాలా కంపెనీలు వేరేవాళ్లకి మార్చనియ్యరు. కాబట్టి "సెకండ్ హ్యాండ్‌ల అమ్ముతున్న బ్రో" అనేటోళ్ల దగ్గర పైలం.

క్రాకిల్స్ ఎందుకొస్తున్నయంటే, శాంపిలర్ మొత్తం లైబ్రరీని ర్యామ్‌ల ఎక్కించదు, ఎక్కిస్తే ఏ ల్యాప్‌టాప్ సరిపోతది? ప్రతి నోట్ మొదటి ముక్క ర్యామ్‌ల పెట్టుకుంటది, నువ్వు కీ నొక్కినంక మిగిలింది డిస్క్ నుంచి గుంజుతది. గీ పద్ధతి 1998ల గిగాశాంపిలర్ తోని వచ్చింది, అంతకుముందు ర్యామ్ ఎంతుంటే శాంపిల్ అంతే. ఇప్పుడు నీ తిరిగే డిస్క్‌ల ఒక్కటే ముల్లు, నువ్వు ఒకేసారి నలభై నోట్లు అడుగుతున్నవ్, అది ఏ నోట్‌కి ఉరుకుతది? అందని నోట్ కాడ టప్ మంటది. నీ డిస్కవర్ 200 ఎంబీ చిల్లరనే కాబట్టి అది ఎట్లున్నా నడుస్తది, బీబీసీదే ప్రో వెర్షన్ అయితే వందల జీబీలు, ఆ డిస్క్ మీద పెడ్తే దండం పెడ్తది.

కాబట్టి 25 వేలల ముందుగాల ఎస్‌ఎస్‌డీ కొను, 1 టీబీ సాటా రకమైనా చాలు. ల్యాప్‌టాప్ అడుగు తెరిచి రెండో ర్యామ్ స్లాట్ ఖాళీ ఉన్నదా సూడు, ఉంటే 16 జీబీ చెయ్. కొన్ని సన్న ల్యాప్‌టాపులల్ల ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటది, కొన్నంక తెలిస్తే లాభం లేదు, మోడల్ నంబర్ తోని ముందే కనుక్కో. పార్క్‌లేన్ సీటీసీల నాలుగు షాపులు తిరిగి రేటు అడుగు, మొదటి షాపులనే కొనకు, బిల్లు తప్పకుండ తీస్కో. బయట పెట్టుకునే ఎస్‌ఎస్‌డీ అయితే యూఎస్‌బీ 3 పోర్ట్‌కే గుచ్చు.

బఫర్ (కంప్యూటర్ సౌండ్‌ని ముక్కలుగ తయారుచేసే సైజు) సంగతి. వాయించేటప్పుడు 256 పెట్టు, 48 కిలోహెర్ట్జ్‌ల అది 5 మిల్లీసెకన్ల మీద కొంచెం, చేతికి తెలియదు. మిక్స్ చేసేటప్పుడు 1024 చెయ్, అప్పుడు ఆలస్యంతో పని లేదు. షార్ట్ ఫిల్మ్‌కి చేస్తున్నవ్ కాబట్టి ప్రాజెక్ట్ 48 లనే మొదలుపెట్టు, వీడియోలకి అదే నడుస్తది, 44.1ల చేసి చివరికి మార్చుడెందుకు. అయిపోయిన ట్రాక్‌ని ఆడియోగ రెండర్ చేసి ప్లగిన్ బంద్ పెట్టు, 8 జీబీల గూడ చాలా దూరం పోవచ్చు. కాంటాక్ట్‌ల పర్జ్ అని ఉంటది, అది కొడ్తే శాంపిల్స్ అన్నీ ర్యామ్ నుంచి దిగిపోతయ్, తర్వాత నువ్వు వాయించిన నోట్లే ఎక్కుతయ్. నీది ల్యాప్‌టాప్ కాబట్టి కరెంట్ పోయినా బాధ లేదు, మాకు మే నెలల ప్రతి రెండు బార్లకి సేవ్ కొట్టుడే.

సైనిక్‌పురి_సెల్లో

అన్నయ్య రాసినవన్నీ నిజమే గానీ "ఇప్పుడేమీ కొనక్కర్లేదు" అన్న ధోరణితో నేను పూర్తిగా ఏకీభవించను. డిస్కవర్‌లో లాంగ్, స్పికాటో, పిజికాటో (వేలితో మీటడం), ట్రెమొలో (విల్లు గబగబా వణికించడం) ఉన్నాయి, నిజమైన లెగాటో లేదు. లెగాటో అంటే ఒక నోట్ నుంచి ఇంకో నోట్‌కి జారేటప్పుడు మధ్యలో వచ్చే ఆ సన్నని సౌండ్‌ని కూడా విడిగా రికార్డ్ చేసి పెట్టడం. అది లేకుండా మెలోడీ లైన్ ఎంత సీసీ1 తిప్పినా ఒక పరిమితి దాటదు, నోట్ల మధ్య అతుకు తెలుస్తూనే ఉంటుంది. వెనక కార్డ్స్‌కి డిస్కవర్ చాలు, ముందుకొచ్చి పాడాల్సిన లైన్‌కి చాలదు. కాబట్టి ఎస్‌ఎస్‌డీ తర్వాత మిగిలిన డబ్బుతో కొంటే లెగాటో బాగున్న స్ట్రింగ్స్ ఒక్కటి కొనండి, మొత్తం ఆర్కెస్ట్రా వద్దు. ట్యూబా మీరు ఎన్ని పాటల్లో పెడతారు చెప్పండి? కొనేముందు యూట్యూబ్‌లో కంపెనీ డెమో వినకండి, అవి ఎక్స్‌పర్ట్స్ వారాల తరబడి చేసినవి. ఎవరైనా ఎఫెక్ట్స్ ఏమీ లేకుండా ఒట్టి ప్యాచ్ వాయించిన వీడియో చూడండి. డాలర్లలో కడతాం కాబట్టి కార్డు వాళ్ల ఫారెక్స్ ఛార్జీ, ట్యాక్స్ కూడా లెక్కేసుకోండి, సేల్ రేటు చూసి 25 వేలు సరిగ్గా సరిపోయింది అనుకోకండి.

ఇక ఫోక్ ట్యూన్‌లో శృతి తప్పినట్టు ఉండటం. దీనికి ఏ లైబ్రరీ కొన్నా జవాబు దొరకదు, ఎందుకంటే ఆ లెగాటో కూడా ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి పోవడమే, మన గమకం మెట్ల మధ్యలో ఉంటుంది. తోడి రాగంలో గాంధారాన్నే తీసుకోండి, అది ఒక చోట నిలబడదు, ఊగడమే దాని రూపం. పల్లె పాట జారుడు కూడా అంతే. మరి పిచ్ బెండ్ వాడితే? సెక్షన్ మీద వాడితే 16 మందీ ఒకే క్షణంలో ఒకే కొలతలో వంగుతారు, అది ఒక అసహజం. ఇంకో అసహజం ఏంటంటే రికార్డింగ్‌లోనే హాల్ ప్రతిధ్వని ఉంది కదా, అది కూడా దాంతో పాటు వంగుతుంది, గోడలు వంగవు కదండీ. చెవి వెంటనే పట్టేస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా.

నేను చేసేది ఏంటంటే, సింగర్ జారే చోట సెక్షన్‌ని జారనివ్వను. సా, పా మీద నిలబెట్టి, లేదా లైన్‌లోని ముఖ్యమైన స్వరాల మీద మాత్రమే పొడుగ్గా పట్టించి, గమకం మొత్తం ఒక్క సోలో వాయిద్యానికి వదిలేస్తాను. ఆ సోలో కంప్యూటర్‌లోనే కావాలంటే శాంపిల్ కాకుండా ఫిజికల్ మోడలింగ్ వాడండి, ఆడియో మోడలింగ్ వాళ్ల స్వామ్ వయొలిన్ లాంటివి. అది రికార్డింగ్ కాదు, తీగని లెక్కలతో మోగిస్తుంది, కాబట్టి ఎంత వంచినా విరగదు, డిస్క్ కూడా తినదు, ప్రాసెసర్‌ని మాత్రం తింటుంది. ఎక్స్‌ప్రెషన్ పంపకపోతే దానికి సౌండే రాదు, విల్లు కదపకుండా వయొలిన్ మోగదు కదా, అలవాటు పడటానికి టైమ్ పడుతుంది.

అన్నిటికన్నా మంచి దారి మనిషి. హైదరాబాద్‌లో ఉండి వయొలిన్ వాయించేవాళ్లు దొరకరా? రాంకోఠిలో త్యాగరాజ సంగీత కళాశాల ఉంది, అక్కడ వయొలిన్ నేర్చుకునే పిల్లలు చాలామంది చక్కగా వాయిస్తారు, మాట్లాడి న్యాయంగా డబ్బులివ్వండి, "ఎక్స్‌పోజర్ వస్తుంది" అని మాత్రం చెప్పకండి ప్లీజ్. కర్ణాటక వయొలిన్ వాళ్లకి స్టాఫ్ కాగితం ఇస్తే పని జరగకపోవచ్చు, స్వరాలు రాసివ్వండి లేదా పాడి వినిపించండి. పాట డి మైనర్ అయితే రెండో శృతి అని ముందు రోజే చెప్పండి, వాళ్లు సా పా సా పా అని శృతి చేసుకుంటారు, అప్పటికప్పుడు తీగలు మార్చి లాగితే గంటసేపు శృతి నిలవదు. గదిలో బొంతలు వేలాడదీసి రికార్డ్ చేయండి చాలు. ఆ ఒక్క నిజం వయొలిన్‌ని మీ శాంపిల్ సెక్షన్ మీద సన్నగా, వినీ వినపడనంత పెట్టినా వెనకున్న మొత్తం సెక్షన్ నిజం అనిపిస్తుంది. రివర్బ్ మాత్రం కొంచెం వెయ్యాలి, మీ లైబ్రరీ మైడా వేల్ స్టూడియో గదిలో మోగింది, ఆ వయొలిన్ మనిషి మీ బెడ్‌రూమ్‌లో వాయించారు, ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టాలి. లైబ్రరీని పాన్ చేయకండి, ఎవరి సీటులో వాళ్లని కూర్చోబెట్టే రికార్డ్ చేశారు, వయొలిన్లు ఎడమ, సెల్లోలు కుడి, ముందే సర్దేసి ఉంది.

స్టాఫ్_నోటేషన్

అమ్మా, ఒప్పుకుంటున్నా, లెగాటో విషయంలో నువ్వు చెప్పిందే రైటు. కానీ అబ్బాయి ముందు ఉన్నదాంట్లో ఒక బీజీఎం క్యూ (ఒక సీన్‌కి చేసే ముక్క) పూర్తిగా సెక్షన్లుగా విడగొట్టి చేసి చూపించాకే కార్డు తియ్యాలి. లేకపోతే కొత్త లైబ్రరీలో కూడా రెండు చేతులతో కార్డే కొడతాడు.

బాస్_బాబు

సరే సరే, డిస్క్ మాట వెనక్కి తీసుకున్నా. ఐఎంఎస్‌ఎల్‌పీ ఇప్పుడే చూశా, ఇన్ని స్కోర్లు ఫ్రీనా?? ఎవరూ చెప్పలేదేంటి ఇన్నాళ్లూ

కేపీహెచ్‌బీ_కీస్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. లైబ్రరీ ప్రస్తుతానికి ఆపేశా, శనివారం సీటీసీ వెళ్తున్నా. ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఖాళీగానే ఉంది 808 అన్నా.

నిన్న రాత్రి ఒక క్యూ మొత్తం విడగొట్టి కూర్చున్నా. సీసీ1 తేడా అయితే మామూలుగా లేదు, మా ఆవిడ పక్క గదిలోంచి వచ్చి "ఏం వింటున్నావ్, ఏ సినిమాదది" అంది. నోట్స్ ఎడమకి జరిపితే ఫాస్ట్ బిట్ కూడా డప్పుతో కలిసింది. ఒక్క డౌట్. స్టాఫ్ అన్నా, నెట్‌లో రేంజ్ చార్ట్ చూసుకుని రాశా, వయోలా అడుగు నోట్ సి3 అని ఉంది, నేను బార్ 5లో జీ3 రాశా, అంటే రేంజ్ లోపలే కదా, అయినా అక్కడ వయోలా అస్సలు మోగట్లేదు. బార్ 6లో పైకి వెళ్లగానే మోగుతోంది. లైబ్రరీ మళ్లీ డౌన్‌లోడ్ చేయాలా? ఇన్‌స్టాల్ ఏమైనా దెబ్బతిందా?

స్టాఫ్_నోటేషన్

డౌన్‌లోడ్ ఏమీ వద్దు తమ్ముడూ. ఎఫ్ఎల్ పియానో రోల్‌లో మిడిల్ సి ని సి5 అని రాస్తారు, నువ్వు చూసిన చార్ట్‌లో అదే సి4. అంటే చార్ట్‌లో ప్రతి నోట్‌కి ఒక ఆక్టేవ్ కలుపుకోవాలి. వయోలా అడుగు ఎఫ్ఎల్‌లో సి4, వయొలిన్ అడుగు జీ4, సెల్లో సి3, బాస్ ఇ2. నువ్వు రాసిన జీ3 వయోలాకి లేని తీగ మీద నోట్, అక్కడ శాంపిలే ఉండదు, ఎలా మోగుతుంది. దాన్ని సెల్లోకి ఇచ్చేసి, వయోలాని ఒక ఆక్టేవ్ పైన జీ4లో పెట్టు. వాడే యాప్ మారినప్పుడల్లా మిడిల్ సి ఎక్కడుందో ముందు చూసుకో, కొన్నిట్లో అది సి3 కూడా.

ఉప్పల్_808

శనివారం నేను గూడ సీటీసీ వస్తున్న, ఇంటర్‌ఫేస్‌కి కేబుల్ కావాలె. పదకొండు తర్వాత రా, అంతకుముందు సగం షట్టర్లు ఎత్తరు.